‘స’ దగ్గర ఈల

శనివారం సాయంత్రం సైకిల్ షాపు మీది గదిలో ముందు మంచి కబుర్లు చెప్పుకోవాలి. పాత యుద్ధాల మీద వాదనలు ఆ తర్వాతే. అది మేజర్ పెట్టిన రూలు.

“ఎవరి ఏడుపులు వాళ్లు మెట్ల కిందే వదిలేసి రండి. పైన ఇప్పటికే చచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు” అంటూ బల్ల మీది బొమ్మ సైనికుల్ని చూపించేవాడు.

మేజర్ ఏ సైన్యంలోనూ పనిచెయ్యలేదు. కరెంటాఫీసులో రిటైరయ్యాడు. అయినా కుర్చీలో కూర్చుంటే వీపు ఆననిచ్చేవాడు కాదు. గదిలో మిగతా పేర్లన్నీ ఆయన పెట్టినవే. కళ్లజోళ్ల షాపాయన బైనాక్యులర్. కట్టుడు పళ్లు చేసే ల్యాబ్‌లో పనిచేసే ఆవిడ పళ్లక్క. ప్రెస్సులో కాగితం కోసే మిషను మీద పనిచేసే నత్తి మనిషి మిషన్‌గన్.

ఆ శనివారం బైనాక్యులర్ కబురు, వాళ్లబ్బాయికి స్కూటరు నడపడం వచ్చిందని, ఇంతవరకూ ఎవర్నీ గుద్దలేదని. అందరూ చప్పట్లు కొట్టారు. ల్యాబ్‌కి ఏసీ పెట్టారనీ, పళ్లు పేర్చే మైనం ఇప్పుడు ఎండకి జారిపోకుండా చెప్పిన మాట వింటోందనీ పళ్లక్క చెప్పింది. దానికీ కొట్టారు. తన బీపీ దిగిందన్నాడు మేజర్. తర్వాత అందరి తలలూ ఒకేసారి కిటికీ పక్క కుర్చీ వైపు తిరిగాయి.

మిషన్‌గన్ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. “నా-నా-నాకు ప-ప-ప...”

“బంకర్లలోకి దూరండర్రా! కాల్పులు మొదలయ్యాయి!” అన్నాడు మేజర్.

బైనాక్యులర్ ఎప్పుడూ చేసే పనే చేశాడు. బల్ల కిందికి సగం వంగి తల మీద చేతులు పెట్టుకున్నాడు. పళ్లక్క నవ్వింది. మిషన్‌గన్ కూడా నవ్వాడు. నవ్వేటప్పుడు అతని మెడ నరం ఇంకా బిగుసుకునే ఉంది. మాట లోపలే ఉండిపోయింది.

“ప-ప-పెళ్లి కుదిరింది.”

చప్పట్లు మోగాయి. బైనాక్యులర్ లేచి భుజం మీద చరిచాడు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చాక కుదిరిన పెళ్లి మరి.

“అమ్మాయికి చెవులు వినపడతాయా?” అని మేజర్ అడిగాడు.

“వి-వినపడతాయి. మం-మందుల షాపులో ప-పని.”

“వినపడీ ఒప్పుకుందా! తెలిసే మందుపాతర మీద కాలేసిందన్నమాట.”

ఈసారి నవ్వు చాలాసేపు సాగింది. పళ్లక్క తన నవ్వుని దగ్గుగా మార్చుకోబోయింది. మేజర్ తనవైపు చూడటంతో మళ్లీ నవ్వుగానే పూర్తిచేసింది. మిషన్‌గన్ రాకముందు ఆ కిటికీ పక్క కుర్చీ ఆమెదే. “నీ మొగుడు రాత్రి పళ్లు తీసి నీకిచ్చి పడుకుంటాడా?” అని అడిగించుకుని నవ్విన కుర్చీ అది.

తర్వాత మాటలు బల్ల మీద బొమ్మగా ఉన్న పాత కోట ముట్టడి మీదికి మళ్లాయి. కోట పడిపోయింది గేటు విరిగినందుకా, నీళ్లు అయిపోయినందుకా అన్నది పాత తగువు. గేటే అంటాడు మేజర్. బైనాక్యులర్ వాదన గుర్రాల మీద. గుర్రాల్ని కోసుకు తిన్న రోజే ఆ యుద్ధం అయిపోయింది, ఆ తర్వాత జరిగిందంతా లాంఛనమే అంటాడు. విరేచనాలతో పోయినంతమంది ఫిరంగులతో పోలేదని పళ్లక్క అంది. ముక్కు మూసుకోమన్నాడు మేజర్. పోట్లాడుకుంటూనే పల్లీల పొట్లం ఖాళీ చేశారు. ఆ గదిలో ఇలాంటి గంటలు ఎంత హాయిగా గడుస్తాయో ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోయేది ఆమె.

బల్ల మధ్యలో ఉన్న కోట మిషన్‌గన్ చేసింది. ప్రెస్సులో మిగిలిన అట్టముక్కలు పొరలు పొరలుగా అతికించి, గోడల్లో రాయి రాయీ విడిగా కనపడేలా బ్లేడుతో గీశాడు. గోడ కింద సొరంగం తవ్వే మనుషుల నడుములకు గోచీలు కూడా ఉన్నాయి. వచ్చే శనివారం స్కూలు హాల్లో దాన్ని ప్రదర్శనకు పెడుతున్నారు.

“నేను మాట్లాడతా. నువ్వు పక్కన నిలబడి కర్రతో చూపించు. నువ్వు మాట్లాడితే జనం ముట్టడిలో ఇరుక్కుపోతారు. నీళ్లు కూడా దొరకవు పాపం” అన్నాడు మేజర్.

మిషన్‌గన్ నవ్వుతూ తలూపాడు.

మెట్లు దిగాక సైకిల్ షాపు షట్టరు దగ్గర అతను పళ్లక్క కోసం ఆగాడు. చెప్పాలనుకున్నది బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. ఆమె హడావుడి పెట్టలేదు. పెళ్లి కుదిరిన అమ్మాయి వచ్చే శనివారం హాలుకి వస్తోందట. తానే మాట్లాడతానని అమ్మాయికి చెప్పేశాడట. ఐదు నిమిషాలు చాలునట. రోజూ ఇంట్లో గోడకి చెప్పి చూసుకుంటున్నాడట.

“గో-గోడ ముందు త-తడబడట్లేదక్కా. మీ-మీరొక్క మాట మే-మేజర్ గారికి చె-చెప్పండి. మీ-మీరంటే వింటారు.”

“చెప్తాలే. నువ్వు నిశ్చింతగా ఉండు” అంది పళ్లక్క.

*

సోమవారం మధ్యాహ్నం ఆమె ఒక అచ్చులో సుద్ద కలిపి పోస్తుండగా మేజర్ ల్యాబ్‌లోకి వచ్చాడు. ల్యాబ్ పళ్లడాక్టరు క్లినిక్‌కి వెనక గది. పేషెంట్లెవరూ అటు రారు. ముఖానికి మాస్కు ఉండటంతో ముందు పోల్చుకోలేదు. వీపు నిటారుగా లేకపోవడం ఇంకో కారణం.

తలుపు దగ్గరికి వేసి మాస్కు దించాడు. పైపెదవి లోపలికి మడత పడిపోయి, ముక్కు గడ్డం మీదికి దిగినట్టుంది. చేతి రుమాలు విప్పితే విరిగిన కట్టుడు పళ్ల సెట్టు రెండు ముక్కలు కనిపించాయి. మూడో ముక్క వాష్‌బేసిన్ గొట్టంలోకి పోయిందట. ఆయనవి కట్టుడు పళ్లని ఆ గదిలో ఎవరికీ తెలియదు. పళ్ల మధ్యే బతికే పళ్లక్కే కనిపెట్టలేదు.

“హనివారానికి కావాలి అమ్మాయ్” అన్నాడు. ‘శ’ గాలిలో కలిసిపోయింది. అది తనకే వినిపించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. “డాక్టరు కుదరదన్నాడు. నువ్వు కూర్చుంటే అవుతుందన్నాడు. ఎవరితోనూ అనకు. నా నోరు నీ చేతిలో ఉంది.”

ఆమెకు జాలేసింది. స్టూలు జరిపి కూర్చోబెట్టింది. మంచినీళ్లిచ్చింది. ఆయన తాగుతుంటే నీళ్లు పెదవి పక్కనుంచి కారాయి. ఆమె చూపు తిప్పుకుని సుద్ద గిన్నెని బల్లకేసి తట్టింది. బుడగలు పైకొచ్చి పగిలాయి. అడగాలంటే ఇదే సమయం అనిపించింది.

“మేజర్ గారూ, ఆ కోటంతా అతనే చేశాడు కదా. పెళ్లి కుదిరిన అమ్మాయి కూడా వస్తోంది. శనివారం ఓ ఐదు నిమిషాలు అతన్నే మాట్లాడనిస్తే...”

“వాడడిగాడా, నీకే అనిపించిందా?”

ఆమె చేతిలోని గరిటె ఆగింది. “ఊరికే, నాకే అనిపించింది.”

“కాబోయే పెళ్లాం ముందు వాణ్ణి నిలబెట్టి నవ్వులపాలు చెయ్యమంటావా? నేను వాణ్ణి కాపాడుతున్నా. అది నీకూ తెలియదు, వాడికీ తెలియదు.” చిగుళ్లు కనిపించేలా నవ్వాడు. “నావి పళ్లు పోయాయి. కొత్తవి వహ్తాయి. వాడికి నాలుకే పోయింది. దానికి నీ దగ్గర అచ్చు ఉందా?”

ఆమె గరిటె బల్ల మీద పెట్టేసింది.

“ఇలాంటివాటిలో దూరకు అమ్మాయ్. ఆ కిటికీ పక్క కుర్చీ మళ్లీ నీకొహ్తుంది” అన్నాడు. బెదిరింపులా కాదు, పిల్లల్ని మందలించినట్టు ముద్దుగానే. మాస్కు పైకి లాక్కుని వెళ్లిపోయాడు.

ఆమె మిగిలిన సుద్ద అచ్చులో పోద్దామని చూస్తే గిన్నెలో గట్టిపడిపోయి ఉంది. గీకి చెత్తబుట్టలో పడేసి, మళ్లీ కలిపింది.

*

రెండు రోజులు ఆమె మేజర్ పళ్ల మీదే కూర్చుంది. పని ఆమె చేతికి ఎంత అలవాటంటే, కోపం వచ్చినా చెయ్యి మాత్రం మర్యాదగానే ఉండేది. మైనం మీద ఒక్కో పన్నూ నిలబెట్టి, దీపం మీద కాచిన చాకుతో చుట్టూ కరిగించింది. వయసుకి తగ్గట్టు ముందుపళ్లలో ఒకదాన్ని రవ్వంత వంకర పెట్టింది. అన్నీ వరసగా ఉంటే అబద్ధంలా కనిపిస్తాయి. ఇవి చూసినవాళ్లు సొంత పళ్లే అనుకుంటారు.

బుధవారం డాక్టరు మైనం సెట్టుని మేజర్ నోట్లో పెట్టి చూసి, ల్యాబ్‌లోకి తెచ్చిచ్చాడు.

“కొరుకుడు బాగా కుదిరింది. ‘స’ దగ్గరే కాస్త ఈల వస్తోంది. ముందుపళ్ల వెనక గుంట లోతుగా ఉంది. ఒక పొర మైనం నింపేసి మూసెయ్.”

“అలాగే డాక్టర్ గారూ.”

ఆమె మైనం రేకు ఒకటి కత్తిరించింది. వేలి గోరంత ముక్క. దీపం మీద చూపిస్తే అంచులు మెత్తబడి మెరిశాయి. పళ్ల వెనక గుంటలో దాన్ని పెట్టి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే పని అయిపోతుంది. రోజూ చేసేదే.

బొటనవేలి మీదే మైనం చల్లారింది.

ఆమె దాన్ని గోరుతో తీసి ఉండ చేసింది. ఆ ఉండని మళ్లీ మైనం డబ్బాలో వేసింది. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. సెట్టుని ఇత్తడి పెట్టెలో సుద్దలో పూడ్చి, మర బిగించి, వేడినీళ్లలో దించింది. మైనం కరిగిపోయాక ఆ ఖాళీలో గులాబి రంగు ముద్ద నొక్కి ఉడకబెట్టింది. నీళ్లు కుతకుతలాడుతుంటే పక్కన నిలబడి చూస్తూ ఉంది. తప్పు చేస్తున్నానని అనిపించడం లేదు. అది ఆమెకే కొంచెం ఆశ్చర్యంగా ఉంది.

“నింపావా?” అని డాక్టరు తలుపులోంచే అడిగాడు.

“నింపాను.”

శుక్రవారం సాయంత్రం మేజర్ కొత్త పళ్లు పెట్టించుకున్నాడు. బయట పేషెంట్లు నిండిపోయి డాక్టరు హడావుడిగా ఉన్నాడు. పళ్లక్క చెక్క అడ్డు ఇవతల నిలబడి వింది. అద్దంలో చూసుకుని మేజర్ మురిసిపోయాడు. పదేళ్లు వెనక్కి పోయానన్నాడు.

“చాలా సంతోషం డాక్టర్ గారూ.”

‘స’ పక్కన సన్నగా, వెంట్రుకలా ఒక ఈల.

“మొదట్లో కొంచెం వింతగా ఉంటుంది, అలవాటైపోతుంది” అన్నాడు డాక్టరు, అప్పటికే తర్వాతి పేషెంటుని పిలుస్తూ.

ఇప్పటికైనా అడ్డు తోసుకుని వెళ్లి, ఇలా ఇవ్వండి, అరగంటలో సరిచేసి ఇస్తానని అనొచ్చు. ఆమె పాలిషు చక్రం ఆన్ చేసింది. ఆ చప్పుడులో ఇంకేమీ వినిపించలేదు.

*

స్కూలు హాల్లో మడత కుర్చీలు సగానికిపైగా నిండాయి. ముందు వరసలో పిల్లల్ని కూర్చోబెట్టారు. మేజర్ భార్య చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని రెండో వరస మొదట్లో కూర్చుంది. ఆవిడ ఎప్పుడూ రాదు. కొత్త పళ్లతో ఆయన మాట్లాడటం చూడాలని ఈసారి వచ్చింది. ఆవిడ వెనకే మందుల షాపు అమ్మాయి. నీలం చీర, తీర్చి దువ్విన జుట్టు, చూపంతా కోట మీదే.

మిషన్‌గన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. పళ్లక్కని చూడగానే మేజర్ ఒప్పుకున్నాడా అని కళ్లతోనే అడిగాడు. ఆమె పెదవి విరిచి తల అడ్డంగా ఊపింది. అతను కర్ర వైపు చూసుకున్నాడు.

మేజర్ మైకు అందుకున్నాడు.

“సభకు నమస్కారం. ఇది సుదీర్ఘమైన ముట్టడి. సైన్యం సరిహద్దు దాటి...”

గదిలో అయితే వెంట్రుకంత ఉండేదే. మైకులో అది సన్నటి ఈలై హాలు చివరిదాకా పోయింది. ప్రతి ‘స’కీ ఒకటి. ముందు వరసలో ఒక పిల్ల కిసుక్కుమంది. మేజర్ ఆగి, నీళ్లు తాగి, గొంతు సవరించుకున్నాడు.

“సేనాపతి సొరంగం...”

మళ్లీ రెండు. పిల్లలంతా ఒకర్నొకరు పొడుచుకున్నారు. మేజర్ ముఖం మారింది. ఈల మైకుది కాదని, తన నోటిదని అర్థమైపోయింది. ‘సైన్యం’ అనాల్సినచోట ‘దళం’ అన్నాడు. ‘సరుకులు’ మింగేసి ‘తిండీ తిప్పలూ’ అన్నాడు. ‘సొరంగం’ దగ్గర మాట దొరక్క ‘ఆ... ఆ... భూమి కింద తవ్విన...’ అంటూ నిలబడిపోయాడు. జీవితంలో మొదటిసారి ఒక మాట కోసం నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నాడు. ఆ పక్కనే ఉన్న మనిషికి అది రోజూ ఉన్నదే.

పళ్లక్కకి కడుపులోంచి నవ్వు పొంగుకొచ్చింది. పెద్దవాళ్లలో ముందు నవ్వింది ఆమే. బైనాక్యులర్ అందుకున్నాడు.

అప్పుడు బల్ల పక్కనుంచి ఒక గొంతు వచ్చింది. “బంకర్లలోకి దూరండర్రా! సైన్యం వస్తోంది!”

అది మేజర్ గొంతు. ఆ గాంభీర్యం, ఆ విరుపు, చివర్లో ఆ ఈల, అచ్చుగుద్దినట్టు ఆయనదే. పలికింది మాత్రం మిషన్‌గన్. వీపు నిటారుగా, గడ్డం పైకి. హాలు ఘొల్లుమంది. తన నోట్లోంచి మాట అడ్డులేకుండా వచ్చిందని అతనికే ఆలస్యంగా తెలిసినట్టుంది. కర్ర రెండో చేతిలోకి మార్చుకుని, మేజర్ చేతిలోంచి మైకు తీసుకున్నాడు. మేజర్ ఇచ్చేశాడు.

“సభకు నమస్కారం! సేనాపతి సొరంగం తవ్వించాడు. సైనికులు సున్నం మోశారు!”

ఒక్క అక్షరం తడబడలేదు. కోట కథ మొత్తం చెప్పాడు. గేటు, గుర్రాలు, నీళ్లు, గోచీలు కట్టిన మనుషులు, అన్నీ మేజర్ గొంతుతోనే. ‘స’ లేనిచోట కూడా వెతికి తెచ్చి ఈల వేశాడు. పిల్లలు కుర్చీలెక్కారు. మధ్యలో ఒకసారి మేజర్ వైపు తిరిగి, “ఏం సార్, సరిగ్గా చెప్తున్నానా సార్?” అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని జవాబు కోసం ఆగాడు. మేజర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే తలూపాడు. “వినపడలేదు సార్! సౌండు సార్!” అన్నాడతను. జనం పొట్టలు పట్టుకున్నారు.

మేజర్ మెల్లగా నడిచి వెళ్లి భార్య పక్కన కూర్చోబోయాడు. పక్క కుర్చీ ఖాళీ లేదు. ఆవిడ లేచి తన కుర్చీ ఇచ్చి గోడ పక్కన నిలబడింది. చేతిసంచీ ఇంకా పొట్టకి పట్టుకునే ఉంది. పళ్లక్క నవ్వు ఎప్పుడు ఆగిందో ఆమెకే తెలియలేదు. ముఖం మాత్రం నవ్వినట్టే బిగుసుకుని ఉంది.

అంతా అయ్యాక మందుల షాపు అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చింది. “ఈయన ఎప్పుడూ ఇంత సరదాగా ఉంటారాండీ? నాతో ఒక్కసారి కూడా ఇలా మాట్లాడలేదు. ఒప్పుకున్నాను గానీ, తప్పు చేశానా అని రాత్రి కూడా ఆలోచించాను.”

“చాలా మంచివాడమ్మా” అంది పళ్లక్క.

“మంచివాళ్లు చాలామంది ఉంటారులెండి” అని నవ్వి, ఆ అమ్మాయి అతని వైపు వెళ్లింది.

బొమ్మ సైనికుల్ని పెట్టెలో సర్దుతూ అతను పళ్లక్కని పిలిచాడు. చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయింది. కళ్లు వెలిగిపోతున్నాయి. “చూ-చూశారా అక్కా? వా-వాడి గొంతుతో అ-అయితే వ-వచ్చేస్తోంది.”

మేజర్ గారు అతని నోట ‘వాడు’ కావడం అదే మొదలు.

“ఇంక చాల్లేరా. ఈ ఒక్కసారికీ చాలు” అంది ఆమె.

“ఎం-ఎందుకు చాలు?” అన్నాడతను నిజంగానే అర్థంకాక. తర్వాత వీపు నిటారుగా చేసి మేజర్ గొంతుతో అన్నాడు. “వచ్చే శనివారం మంచి కబురు వాడితోనే మొదలుపెట్టిస్తా. సమోసాలు తెప్పిస్తా, సీసాలు తెప్పిస్తా, అన్నీ వాడితోనే అడిగిస్తా!”

బైనాక్యులర్ పడీ పడీ నవ్వాడు.

*

సోమవారం ల్యాబ్‌కి మేజర్, ఆయన భార్య ఇద్దరూ వచ్చారు. మాట్లాడింది ఆవిడే.

“కొంచెం చూడమ్మా. శనివారంనుంచి నోరు విప్పడం లేదు. నిన్న పాలబ్బాయికి కూడా చేత్తోనే చూపించారు. అన్నం తినేటప్పుడు పెట్టుకుంటున్నారు, తినగానే తీసేస్తున్నారు.”

మేజర్ గోడకి ఉన్న క్యాలెండర్ వైపు చూస్తూ నిలబడ్డాడు. పళ్లు రుమాల్లో కట్టి తెచ్చాడు. ఆమె చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టాడు.

పని ఎక్కువ లేదు. ముందుపళ్ల వెనక గరుకుగా గీకి, పొడీ ద్రవం కలిపిన ముద్ద పలచగా పరిచి నునుపు చేసింది. గట్టిపడ్డాక చక్రం మీద అరగదీసి, తడిగుడ్డతో మెరుపు తెచ్చింది. అంతా బుధవారం ఒక్క నొక్కుతో అయిపోయేది. కడిగి ఇచ్చింది. ఆయన అటు తిరిగి పెట్టుకున్నాడు.

“ఏదైనా అనండి మేజర్ గారూ. సున్నం, సీసా, సైనికుడు.”

ఆయన పెదవులు బిగించాడు.

“అనండీ. ఇక్కడెవరున్నారు, మన పళ్లక్కే కదా” అంది భార్య.

నెమ్మదిగా అన్నాడు. “సున్నం. సీసా. సైనికుడు.”

శుభ్రంగా వచ్చింది. ‘స’ ‘స’లాగే ఉంది.

“ఈల వచ్చిందా?” అని అడిగాడు.

“లేదండీ. అస్సలు రాలేదు.”

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ కూడా తల అడ్డంగా ఊపింది. మళ్లీ అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి, తల పక్కకి వంచి తన నోటిని తానే వింటూ. “సున్నం. సీసా.”

“చూశారా, ఎంత బాగుందో!”

“నాకు వినిపిస్తోంది” అన్నాడు మేజర్.

“లేదండీ, ఒట్టు. నేను చేశాను కదా, నాకు తెలుసు.”

“నువ్వు మంచిదానివి. ఆ రోజు కూడా నాతో వాడికోసం చెప్పావు. నన్ను నొప్పించకూడదని లేదంటున్నావు.” పళ్లు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. గోరువెచ్చగా, తడిగా ఉన్నాయి. పెదవి మళ్లీ లోపలికి పోయింది. “ఇంకాహ్త అరగదీయి అమ్మాయ్.”

అరగదీస్తే పాడవుతాయి. చెప్పాలంటే మైనం నింపని బుధవారం దగ్గర్నించి చెప్పాలి. మేజర్ భార్య ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది.

పళ్లక్క చక్రం ఆన్ చేసింది. వాళ్లకి వీపు పెట్టి నిలబడి, సెట్టుని చక్రానికి తగలకుండా కొంచెం ఎడంగా పట్టుకుంది. మోటారు గిర్రున తిరుగుతుంటే చక్రానికి చుట్టిన తడిగుడ్డలోంచి చినుకులు ఆమె ముఖం మీద పడ్డాయి. కొంతసేపు అలాగే పట్టుకుని, ఆపి, కడిగి ఇచ్చింది.

ఆయన పెట్టుకున్నాడు. “సీసా” అన్నాడు.

“ఇప్పుడు పోయింది” అంది భార్య గబగబా.

మేజర్ తల వంచి విన్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపి, పళ్లు తీసి, మళ్లీ పళ్లక్క చేతిలో పెట్టాడు.